గోమారి నుండి దోమ దాకా

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు మెట్ట నేలలు. ఇక్కడి రైతుకు పశువే ఆస్తి. పొట్టి జాతిగా పేరొందిన పుంగనూరు ఆవు పుట్టినిల్లు ఈ సీమయే. సాయంకాలం మేత నుండి తిరిగివచ్చిన ఆవు చెవుల వెనుక, గంగడోలు మడతలలో అంటుకొన్న గోమార్లను ఏరివేయడం పశువుల కాపరులకు తరతరాల అలవాటు. వీటినే కొన్ని ప్రాంతాలలో పిడుదులంటారు. రక్తం పీల్చి పశువును చిక్కిపోయేటట్లు చేస్తాయన్నది అందరూ ఎరిగినదే. అయితే ఆ చిన్న పురుగు ఒక పశువు జబ్బును మరొక పశువుకు మోసుకొనిపోగలదని శాస్త్రం నిరూపించినది పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో మాత్రమే.

అమెరికాలో దక్షిణాది పశువులను ఉత్తరాదికి తోలినప్పుడల్లా ఉత్తరాది పశువులు జ్వరంతో, ఎర్రని మూత్రంతో కుప్పకూలేవి. చిత్రమేమంటే, జబ్బును తెచ్చిన దక్షిణాది పశువులు మాత్రం ఆరోగ్యంగానే కనిపించేవి. దీనిని టెక్సాస్ జ్వరమన్నారు. గోమార్లే దీనికి కారణమని పశుపాలకులు చెప్పిన మాటను పండితులు చాలాకాలం నవ్వి త్రోసిపుచ్చారు. థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త మాత్రం నవ్వలేదు. ఆయన తన సహచరుడు కిల్బోర్న్‌తో కలిసి పొలాలకు కంచెలు వేయించి పరీక్షించాడు. ఒక పొలంలో గోమార్లున్న దక్షిణాది పశువులను, మరొక పొలంలో గోమార్లను చేతితో ఏరివేసిన దక్షిణాది పశువులను ఉత్తరాది పశువులతో కలిపి ఉంచాడు. మొదటి పొలంలోని ఉత్తరాది పశువులకు జబ్బు వచ్చింది. రెండవ పొలంలోని వాటికి రాలేదు. ఇంకొక పొలంలో దక్షిణాది పశువు ఒక్కటీ లేకుండా కేవలం గోమార్లను మాత్రమే చల్లాడు. అక్కడా జబ్బు వచ్చింది. రోగకారకమైన సూక్ష్మజీవి తల్లి గోమారి నుండి గుడ్ల ద్వారా పిల్లలకు సంక్రమిస్తుందని కూడా తేలింది. 1893లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కాపరుల అనుభవమే గెలిచింది.

పశువు విషయం తేలినా మనిషి చలిజ్వరం రహస్యం ఇంకా విడలేదు. 'మలేరియా' అనే పేరుకు అర్థమే చెడుగాలి. చిత్తడి నేలల నుండి లేచే విషవాయువే జ్వరకారణమని శతాబ్దాలుగా నమ్మారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తంలోని మలేరియా పరాన్నజీవిని చూశాడు. కానీ అది ఒక మనిషి రక్తం నుండి మరొకని రక్తంలోకి చేరే దారి ఏది? ఆ ప్రశ్నకు సమాధానం తెలుగునేల మీద, సికింద్రాబాదులో దొరకడం విశేషం.

రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైన్యాధికారి. రాస్‌కు మక్కువ కవిత్వం, గణితం, సంగీతాల మీద. తండ్రి కోరిక మేరకే వైద్యం చదివి 1881లో భారత వైద్యసేవలో చేరాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్‌ను కలుసుకోవడం ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది. మలేరియా పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతుందని మాన్సన్ ఊహ. అయితే ఆ దోమ నీటిలో పడి చనిపోగా, ఆ నీరు త్రాగిన వారికి జ్వరం వస్తుందని ఆయన భావించాడు. ఊహలో సగం నిజం, సగం పొరపాటు! రాస్ 1895లో సికింద్రాబాదుకు వచ్చి, దోమలు చచ్చిన నీటిని కొందరికి త్రాగించి కూడా చూశాడు. నేటి ప్రమాణాలతో చూస్తే ఆ పరీక్ష సమర్థనీయం కాదు. ఫలితమూ దక్కలేదు.

మధ్యలో కలరా నివారణకై ఆయనను బెంగుళూరుకు పంపారు. 1897లో ఊటీ ప్రాంతంలో తానే మలేరియా బారినపడ్డాడు. కోలుకొని ఆ ఏడాది జూన్‌లో తిరిగి సికింద్రాబాదు చేరాడు. ఎండ తీవ్రంగా ఉండేది. పంకా వేయిస్తే దోమలు ఎగిరిపోతాయి, వేయించకపోతే చెమట. ఆ చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, కంటి వద్ద ఉండే కటకం పగిలింది. వందలకొద్దీ దోమలను కోసి చూసినా పరాన్నజీవి జాడ లేదు. కారణం శ్రద్ధాలోపం కాదు. ఆయన ఇంతకాలం పరీక్షించిన బూడిదరంగు దోమలు, చారల దోమలు మానవ మలేరియాను మోసే జాతులే కావు. ఆ సంగతి ఆయనకు తెలియదు. దోమల జాతులను వర్గీకరించి చెప్పే మంచి గ్రంథమూ ఆయన దగ్గర లేదు.

ఆగస్టు నెలలో ఆయన సహాయకుడు తెచ్చిన పిల్లపురుగుల నుండి రెక్కలపై మచ్చలున్న గోధుమరంగు దోమలు వెలువడ్డాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలచేత కుట్టించారు. ఒక్కొక్క దోమకాటుకు ఒక అణా చెల్లించారు. తరువాతి రోజులలో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నింటిని కోసి చూసినా ఏమీ కనబడలేదు. 20వ తేదీన మిగిలినవాటిలో ఒకదానిని కోశాడు. దాని జఠరకుడ్యంలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు! ఆ రేణువులు మలేరియా పరాన్నజీవిలో కనిపించే రేణువుల వంటివే. మరునాడు చివరి దోమను కోయగా అవే కణాలు మరింత పెద్దవిగా కనిపించాయి. అంటే అవి దోమ కడుపులో పెరుగుతున్నాయన్నమాట. రాస్ ప్రతిభను ఎంత కొనియాడినా తక్కువే. కానీ ఆ రోజు సూక్ష్మదర్శిని ఎంత పనిచేసిందో హుసేన్ ఖాన్ చేయి అంత పనిచేసింది. పురస్కారాల జాబితాలో ఆ పేరు చేరలేదు.

ఫలితం 1897 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది. అప్పటికే పైఅధికారులు ఆయనను రాజపుటానాకు బదిలీ చేశారు. తరువాత 1898లో కలకత్తాలో పక్షులకు వచ్చే మలేరియాపై పనిచేసి, పరాన్నజీవి చివరకు దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందనీ, కాటుతోపాటే రక్తంలో ప్రవేశిస్తుందనీ నిరూపించాడు. నీరు త్రాగడం కాదు, కాటే దారి. అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మానవ మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ అని చూపారు. ఘనత ఎవరిదన్న విషయంలో రాస్, గ్రాసీల నడుమ సాగిన కలహం ఇద్దరికీ శోభనివ్వలేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు లభించింది. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

ఈ రెండు పరిశోధనల వెలుగులో తరువాతి రోగాలను గుర్తించడం సులభమైంది. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, పరిసర గ్రామస్థులకు తీవ్రజ్వరం వచ్చినప్పుడు శాస్త్రవేత్తల దృష్టి అడవిలోని గోమార్లపైకి మళ్లింది. రోగకారక వైరస్‌ను మోసేవి అవేనని తేలింది.

మెట్ట ప్రాంతాలలో దోమ సమస్య మరొక రూపంలో వస్తుంది. కుళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చే చోట ప్రజలు తొట్లలో, డ్రమ్ములలో, బానలలో నీరు నిలువచేసుకొంటారు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఆ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి తొట్టిని ఖాళీచేసి అంచులు తోమమని ఆరోగ్యశాఖ చెప్పడానికి కారణమిదే. బావులలో గంబూషియా చేపలను వదలడమూ ఇందుకే. రాస్‌ను రెండేళ్లు తిప్పలుపెట్టిన జాతిభేదాన్ని నేడు విద్యార్థి సైతం కంటితో కనిపెట్టవచ్చును. నీటి ఉపరితలం క్రింద తలక్రిందులుగా వేలాడే పిల్లపురుగు క్యూలెక్స్ లేదా ఏడిస్. నీటిమట్టానికి సమాంతరంగా పరుండి ఉండేది అనాఫిలిస్.