పిట్టల మూకుడులో దోమ పురుగులు

ప్రశ్న: వేసవి నుంచి మేడ మీద వెడల్పాటి మట్టి మూకుడులో పిట్టలకు నీళ్లు పెడుతున్నాను. పిచ్చుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు వస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి పాత నీళ్లు పారబోసి కొత్తవి పోస్తున్నా, వానలు మొదలయ్యాక తోక పురుగులు కనిపిస్తున్నాయి. డెంగీ రోజులు, మూకుడు తీసెయ్యమని మా అత్తయ్యగారు అంటున్నారు. ఏం చెయ్యను?
- ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: తీసెయ్యకండమ్మా. ఆ నీళ్లకు అలవాటుపడ్డ పిట్టలు రేపూ మీ మేడ మీదికే వస్తాయి. అత్తయ్యగారి భయమూ న్యాయమైనదే. మీరు నీళ్లు మారుస్తున్నారు గానీ గుడ్లు మూకుడులోనే ఉండిపోతున్నాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు గుడ్లు అంటిస్తుంది. మట్టి గరుకుగా ఉంటుంది కాబట్టి కుమ్మరిస్తే రాలవు. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. రాత్రి వానకు నీరు అంచుదాకా ఎక్కిందంటే చాలు, ఎప్పుడో పెట్టిన గుడ్లు పొదుగుతాయి. అందుకే నీళ్లు మార్చడంతో సరిపోదు, మూకుడు తోమాలి.

కొబ్బరి పీచుతో లోపలి గోడను, ముఖ్యంగా అంచు కింద, గట్టిగా రుద్దండి. సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది. పాచి వదలకపోతే ఒక వంతు వెనిగర్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తోమి, బాగా కడిగి ఎండబెట్టండి. రెండు మూకుళ్లుంటే ఒకటి ఆరేలోగా రెండోది పెట్టుకోవచ్చు. పాత నీళ్లు కాలువలో కాకుండా మొక్కల పాదులో పోయండి. మట్టిలో ఇంకిపోతే పురుగులు చస్తాయి.

గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి మన వేడికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఆ లెక్క మీదే. పిట్టల మూకుడుకు ఆ వారం గడువు కూడా ఎక్కువే. రెట్టలు, ఈకలు పడతాయి. కాకి ఎండు రొట్టెముక్క తెచ్చి నానబెట్టుకుని, తిన్నంత తిని మిగిలింది అందులోనే వదిలేస్తుంది. దోమ పురుగుకు ఆ కుళ్లే మేత. నీళ్లు రోజూ మార్చండి, రెండు రోజులకోసారి తోమండి. రెండంగుళాల లోతు చాలు. కుండీల కింద పళ్లేలు, కూలర్ తొట్టి కూడా ఓసారి చూడండి.

ప్రశ్న: నాలుగు చుక్కలు కిరోసిన్ వేస్తే పురుగులు చస్తాయంటున్నారు. అబేట్ మందు వెయ్యొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కిరోసిన్ వద్దే వద్దు. ఈకలకు అంటితే తడి ఆపే గుణం పోతుంది. ముక్కుతో సవరించుకుంటూ పిట్ట దాన్ని మింగుతుంది కూడా. అబేట్ డ్రమ్ములకు, తొట్లకు కొలత చూసి వేసేది. మూకెడు నీళ్లకు ఆ కొలత మన చేతికి అందదు. ఇక్కడ పీచే మందు.

ప్రశ్న: పది రోజులు ఊరెళ్తున్నాం. మూకుడు నింపి వెళ్లనా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వద్దు. తోమి బోర్లించి వెళ్లండి. పక్కింటివాళ్లు ఒప్పుకుంటే అన్నాళ్లూ వాళ్ల గోడ మీద ఓ గిన్నె పెట్టమనండి. తిరిగొచ్చాక ముందు మళ్లీ తోమి, తర్వాతే నీళ్లు పోయండి.