కాలేయ క్యాన్సర్‌లో జన్యువుల పనితీరు

ప్రశ్న: కాలేయ క్యాన్సర్ రోగుల్లో జన్యువులను ఎలా పరీక్షిస్తారు? ఉపయోగం ఏమిటి?
– ఒక పాఠకుడు, వడ్డాది (చోడవరం)

జవాబు: ప్రతి కాలేయ కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి గానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. పనిచేస్తున్న జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవుతాయి. ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో తీసిన ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, ఏ జన్యువు నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. గడ్డను, దాని పక్కనున్న కణజాలాన్ని పోల్చి చూస్తారు.

ఆల్ఫా ఫీటోప్రోటీన్ (ఏఎఫ్‌పీ) జన్యువు దీనికి మంచి ఉదాహరణ. గర్భస్థ శిశువు కాలేయంలో ముమ్మరంగా పనిచేసే ఈ జన్యువు, పుట్టాక క్రమంగా దాదాపు ఆగిపోతుంది. చాలామంది కాలేయ క్యాన్సర్ రోగుల్లో మళ్లీ మొదలవుతుంది. ఏఎఫ్‌పీ రక్తపరీక్షకు ఆధారం ఇదే. అందరిలోనూ అది పెరగదు కాబట్టి అల్ట్రాసౌండ్ కూడా తప్పనిసరి.

2008లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. రోగి ఎంతకాలం బతుకుతాడన్న సూచన గడ్డలో కాక, చుట్టూ ఉన్న కాలేయంలోని 186 జన్యువుల తీరులో కనిపించింది. ఎందుకంటే హెపటైటిస్, సిర్రోసిస్‌లతో దెబ్బతిన్న కాలేయంలో గడ్డ తీసేశాక కూడా కొత్తది పుట్టవచ్చు. అయితే ఇలాంటి పరీక్షలు ఇంకా ఎక్కువగా పరిశోధనకే పరిమితం; చికిత్స ఎంపిక ప్రధానంగా స్కానింగ్, కాలేయ సామర్థ్యాలపైనే ఆధారపడుతుంది.

ఈ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బి నివారణ మాత్రం అందుబాటులోనే ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను చౌకగా తెచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శిశువులకు ఇది ఉచితం. పుట్టిన 24 గంటల్లోపే వేయించండి.