తొలగించిన ఫోటో నిజముగా తొలగినదా?

పూర్వము పంచాయతీ దస్త్రములన్నియు చెక్క బీరువాలో ఉండెడివి. నేడు వానిలో కొంత భాగము సభ్యుల చేతిఫోనులలోనికి చేరినది. ఆమదాలవలస మండలములోని ఏ గ్రామమును తీసికొన్నను, నాగావళి కాలువ పూడికతీత మొదలు వీధి దీపము వరకు ప్రతి పనికిని ఫోటో సాక్ష్యము కావలసి వచ్చుచున్నది. పింఛను కొరకు వచ్చిన వృద్ధురాలి ఆధార్ కార్డు, ఇంటి స్థలము కోరిన కుటుంబము బ్యాంకు పుస్తకము కూడ ఆ ఫోనులకే చేరుచున్నవి. పని తీరిన పిమ్మట ఈ ఫోటోలను ఏమి చేయవలెనో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

ఇది కేవలము ఫోనులో చోటు చాలని సమస్య కాదు. ఆధార్ కార్డు, బ్యాంకు ఖాతా వివరములు ఉన్న ఫోటో మోసగాని చేత పడినచో నష్టపోవునది దానిని మనకు నమ్మి ఇచ్చిన పేదవారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టము చేసినది.

పాత ఫోటోల వలన మరియొక చిక్కు కలదు. ఉపాధి హామీ పనులలో 2023 జనవరి 1 నుండి కూలీల హాజరును ఫోను ద్వారా, ఫోటోలతో నమోదు చేయుట తప్పనిసరి అయినది. కొన్ని చోట్ల పని స్థలమున ఫోటో తీయక, ఉన్న ఫోటోకే మరల ఫోటో తీసి పంపుచున్నారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2025 జూలైలో ఎత్తిచూపినది. ఫోనులో పేరుకొనిన పాత చిత్రములు ఇట్టి అక్రమమునకు ముడిసరుకగును.

మొదట ఉంచవలసినవి ఏరుడు

అన్నిటిని ఒక్కసారిగా చెరిపివేయరాదు. పనికి ముందు, పని జరుగునపుడు, పని ముగిసిన పిమ్మట తీసిన చిత్రములు తనిఖీకి ఆధారములు. 2018 అక్టోబరు 11న తీరము దాటిన తిత్లీ తుఫాను వంటి విపత్తులలో కూలిన ఇండ్ల చిత్రములు నష్టమునకు సాక్ష్యములు. ఇట్టి వానిని తేదీతో, పని పేరుతో పంచాయతీ కార్యదర్శికి అప్పగించి, కార్యాలయ కంప్యూటరులో చేరినవని చూచుకొనిన తరువాతనే ఫోనులో తొలగింపవలెను. సమాచార హక్కు చట్టము క్రింద ఎవరైన కోరియున్న సమాచారమును ధ్వంసము చేయుట, 2005 నాటి ఆ చట్టము 20వ సెక్షను ప్రకారము జరిమానాకు దారి తీయును.

తొలగింపు ఎట్లు జరుగును?

అడంగలులో సర్వే నంబరు కొట్టివేసినంత మాత్రమున పొలము మాయము కాదు. ఫోటో సంగతియు అట్టిదే. తొలగింపు గుర్తును నొక్కగానే ఫోటో సాధారణముగా చెత్తబుట్టకు చేరును. గూగుల్ ఫోటోస్‌లో దీనిని బిన్ లేక ట్రాష్ అందురు. ఇంటర్నెట్టులో బ్యాకప్ అయిన ఫోటో అచ్చట 60 దినములు, బ్యాకప్ కానిది 30 దినములు ఉండును. ఈలోగా ఫోను చేజిక్కించుకొనినవారెవరైనను దానిని మరల వెలికి తీయగలరు. ఐఫోనులో ఈ గడువు 30 దినములు. కనుక ఆ బుట్టను తెరచి, దానిని కూడ ఖాళీ చేసిననే పని పూర్తియగును. అటుపిమ్మట ఆ ఫోటోను తిరిగి పొందలేము. అందుచేతనే ఏరివేత ముందు జరుగవలెనని చెప్పితిమి.

ఇచ్చట పలువురు పొరబడు విషయములు మూడు కలవు.

1. ఫోను తయారీదారు ఇచ్చిన గ్యాలరీలో తొలగించినను, బ్యాకప్ అయిన ప్రతి గూగుల్ ఖాతాలో మిగిలియుండవచ్చును. ‘ఫ్రీ అప్ స్పేస్’ అనునది ఫోనులోని ప్రతిని మాత్రమే తీసివేయును. ఖాతాలోనిది భద్రముగా నుండును. కావున గూగుల్ ఫోటోస్ తెరచి అచ్చటనే తొలగించి, బుట్టను ఖాళీ చేయవలెను.

2. వాట్సాప్‌లో వచ్చిన, పంపిన చిత్రములకు వేరు ప్రతులుండును. సెట్టింగులలో ‘స్టోరేజి అండ్ డేటా’, అందు ‘మేనేజ్ స్టోరేజి’ తెరచి వానిని చూడవచ్చును. అయితే పొరుగు పొలములో పడిన విత్తనమును మన పొలములో ఏరలేము. గ్రూపులో పంపిన ఫోటో ఇతరుల ఫోనులలో దాచబడియుండిన, దానిని వారే తొలగింపవలెను. ఆధార్ కార్డులను గ్రూపులలో పెట్టకుండుటయే మేలైన మార్గము.

3. మెమరీ కార్డులో తొలగించిన ఫోటో, దాని స్థానమున క్రొత్తది వ్రాయబడు వరకు ప్రత్యేక సాధనములకు దొరకవచ్చును. కార్డును ఇతరులకు ఈయకుండుట మంచిది. ఫోనును అమ్ముటకు, మరమ్మతుకు ఇచ్చుటకు ముందు కార్డును తీసివేయవలెను. అమ్మునపుడు ఖాతాను తొలగించి, ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేయవలెను. ఇటీవలి ఫోనులలో సమాచారము సంకేత రూపమున ఉండును. రీసెట్‌తో దాని తాళపుచెవి నశించును గనుక పాత చిత్రములను చదువుట సాధ్యపడదు.

పంచాయతీ చేయదగినది

నెలకొక దినము దీనికై నిర్ణయించుకొనుట మంచిది. ఆ దినమున సభ్యులు ఉంచవలసిన ఫోటోలను కార్యదర్శికి అప్పగించి, ప్రజల గుర్తింపు పత్రముల ఫోటోలను తొలగించి, బుట్టలను ఖాళీ చేయవలెను. ఫోను వాడుక అంతగా తెలియని పెద్దలకు యువ సభ్యులు ప్రక్కన కూర్చుండి చూపవలెను. గ్రామస్థుని కాగితమును బీరువాలో పెట్టి తాళము వేసిన జాగ్రత్తనే అతని ఫోటో యెడలను చూపుట పంచాయతీ సభ్యుల ధర్మమని మా విన్నపము.