పిల్లల చిన్న గాయాలు: ముందు నీళ్ళు, తరువాతే మందు

పిల్లలన్న తరువాత పడతారు. వేసవి సెలవులు వచ్చాయంటే మోకాళ్ళు చెక్కుకుపోని ఇల్లు ఉండదు. జ్ఞానోపదేశం తరగతి ముగిసి గంట కొట్టగానే గుడి ఆవరణలో పరుగులు, కంకర మీద జారిపడటం, ఏడుపు మొహంతో ఇంటికి రావడం మనందరికీ తెలిసినవే. ఇటువంటి దెబ్బలకు ఎవరూ ఆసుపత్రికి పరుగెత్తరు. పరుగెత్తనవసరం లేదు కూడా. చాలామటుకు వాటంతటవే మానిపోతాయి. కాని మానకుండా చీము పట్టిన ఆ కొద్ది గాయాలు ఎందుకలా అయ్యాయని విచారిస్తే, లోపం చాలాసార్లు మొదటి పది నిమిషాల్లోనే జరిగి ఉంటుంది. ఈ వారం ఆ పది నిమిషాల సంగతి, ఆ తరువాతి నాలుగైదు రోజుల సంగతి తెలుసుకుందాం.

బిడ్డకు దెబ్బ తగిలిందనగానే ఇంట్లో మొదట వినిపించే మాట "ఏదన్నా రాయండి" అని. అమ్మమ్మ పసుపు డబ్బా తెస్తుంది. పక్కింటి పిన్నిగారు కాఫీపొడి అద్దమంటారు. మామయ్య టించరు సీసా వెతుకుతాడు. అందరిదీ ప్రేమే. కాని ఆ హడావిడిలో గాయాన్ని కడగాలన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. మట్టి, ఇసుక రేణువులు, చెప్పు దుమ్ము లోపలే ఉండగా పైన పసుపు అద్దితే, అది లోపలి మురికి మీద మూత వేయడమే అవుతుంది.

మన చర్మం ఒంటికి ప్రహరీగోడ వంటిది. దాని మీద, మన ముక్కులో, గోళ్ళ కింద స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిములు మామూలుగానే ఉంటాయి. గోడ గట్టిగా ఉన్నంతవరకు అవి మనల్ని ఏమీ చేయలేవు. చర్మం దోక్కుపోయిన చోట వాటికి దారి దొరుకుతుంది. లోపల ఇసుక రేణువో, గుడ్డ పోగో, చచ్చిన చర్మపు ముక్కో ఉంటే వాటికి తలదాచుకునే చోటు కూడా దొరుకుతుంది. ఆ చోటు లేకుండా చేసేది నీళ్ళు.

కడగడం ఎలా?

ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. వంటింట్లో నుంచి, పొలం నుంచి వచ్చిన చేతులతో గాయాన్ని తాకవద్దు. రక్తం కారుతుంటే ఉతికిన పొడి గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టుకోండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూడకండి. పది నిమిషాలు అలాగే పట్టుకుంటే చిన్న గాయాల్లో రక్తం ఆగుతుంది.

తరువాత గాయాన్ని కుళాయి కింద పెట్టండి. కుళాయి లేకపోతే చెంబుతో ధారగా పోయండి. గిన్నెలో నీళ్ళు తీసుకుని అందులో గుడ్డ ముంచి తుడిస్తే, తీసిన మురికే మళ్ళీ గాయానికి చేరుతుంది. నీళ్ళు ధారగా పారాలి, ఆ ధారతోనే మురికి కొట్టుకుపోవాలి. ఐదు నిమిషాలు పోయండి. ఐదు నిమిషాలంటే ఏడ్చే బిడ్డ దగ్గర చాలా పొడవైన కాలం. చెంబు పిల్లవాడి చేతికే ఇచ్చి వాడినే పోసుకోనివ్వండి. సగం ఏడుపు అక్కడే ఆగిపోతుంది. గాయం చుట్టూ ఉన్న చర్మాన్ని మామూలు ఒంటి సబ్బుతో కడగండి. సబ్బు నురుగు గాయంలోకి కొంచెం వెళితే చురుక్కుమంటుందే తప్ప ప్రమాదమేమీ లేదు.

ఏ నీళ్ళు? మీరు తాగే నీళ్ళు ఏవైతే అవే చాలు. ఆసుపత్రుల్లో వాడే సెలైను నీటితో కడిగిన గాయాలను, శుభ్రమైన కుళాయి నీటితో కడిగిన గాయాలను వైద్యులు పోల్చి చూశారు. కుళాయి నీటి వల్ల చీము పట్టడం ఎక్కువ కాలేదు. చెరువు నీళ్ళు, కాలువ నీళ్ళు, మూత లేని తొట్టి నీళ్ళు మాత్రం వద్దు. మీ ఊరి నీటి మీద నమ్మకం లేకపోతే కాచి చల్లార్చి వాడండి.

ఇసుక రేణువులు ఇంకా అంటుకుని ఉంటే తడి గుడ్డతో మెల్లగా తుడవండి. ముల్లు తీసే చిన్న పట్టకారు ఉంటే వేడినీళ్ళలో మరిగించి, చల్లారాక దానితో తీయండి. చీర కొంగుకు ఉన్న పిన్నీసుతో గుచ్చి తీయడం మన ఊళ్ళలో అలవాటు. ఆ పిన్నీసు ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగిందో ఒక్కసారి ఆలోచించండి.

కడిగిన తరువాత వేసే మందు గురించి ఒక పాత సంగతి చెబుతాను. 1865 ఆగస్టులో స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఆసుపత్రికి జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. బండి చక్రం కాలి మీదుగా వెళ్ళింది. ఎముక విరిగి చర్మం చీలింది. ఆ రోజుల్లో అటువంటి గాయం చీము పట్టి కుళ్ళేది. కాలు తీసేయడమో, ప్రాణం పోవడమో మిగిలేది. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో ఆ గాయాన్ని కట్టాడు. ఆరు వారాలకు పిల్లవాడు తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళాడు. క్రిములను గాయంలోకి రానివ్వకూడదన్న పాఠం వైద్యలోకానికి అక్కడి నుంచే స్థిరపడింది. అయితే అటువంటి ఘాటైన మందులు క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న చర్మాన్నీ కాలుస్తాయని తరువాత తెలిసింది. అందుకే మోకాలి చెక్కుడుకు టించరు, స్పిరిటు, బుడగలు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవసరం లేదు. "మంట పుడితేనే మందు పనిచేసినట్టు" అనే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, దానివల్ల పిల్లలు గాయాన్ని దాచిపెట్టడం నేర్చుకుంటున్నారు. దాచిన గాయమే చీము పడుతుంది. డెట్టాల్ వాడేవారు సీసా మీద రాసినట్టు నీళ్ళు కలిపే వాడాలి. గాయం బాగా మురికిదైతే కడిగిన తరువాత ఒకసారి పోవిడోన్ అయోడిన్ మందు రాయవచ్చు. మామూలు చెక్కుడుకు అది కూడా తప్పనిసరి కాదు.

ఇక వంటింటి మందులు. పసుపులో క్రిములను అణచే గుణం కొంత ఉన్నమాట నిజమే. కాని అంగట్లో కొన్న పసుపుపొడిలో రంగు, పిండి కలిసి ఉండవచ్చు. అది క్రిములు లేని పొడి ఏమీ కాదు. పైగా గాయం మీద గట్టిగా అట్టకట్టి లోపలి ఎరుపును, చీమును కనబడనివ్వదు. కాఫీపొడి, సున్నం, బూడిద, టూత్‌పేస్టు, నమిలిన ఆకు, వీటిలో ఏదీ వద్దు. పేడ, మట్టి అసలే వద్దు. ధనుర్వాతం క్రిములు ఉండేది వాటిలోనే. క్యాప్సూల్ విప్పి అందులోని పొడి చల్లే అలవాటు కూడా మానుకోవాలి. ఏ మందు, ఎంత, ఎందుకు అన్నది లేకుండా వాడిన యాంటీబయాటిక్ క్రిములకు అలవాటైపోయి, నిజంగా అవసరమైన రోజున పనిచేయదు. మందుల షాపులో అడగగానే ఇచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎరుపును తగ్గించినట్టు కనిపిస్తూ చీమును పెంచుతుంది.

కట్టు కట్టాలా, గాలికి వదలాలా?

గాలి తగిలితే ఎండి త్వరగా మానుతుందని పెద్దలంటారు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పరీక్షించి చూశాడు. మూసి తేమగా ఉంచిన గాయంపై కొత్త చర్మం, గాలికి వదిలి పక్కు కట్టిన గాయంపై కంటే దాదాపు రెండింతల వేగంగా పరచుకుంది. కాబట్టి కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్ది, పలుచగా వాసెలిన్ రాసి, ప్లాస్టరు గాని గాజు గుడ్డ గాని వేయండి. దూది నేరుగా పెట్టకండి, పోగులు అంటుకుంటాయి. రోజుకొకసారి మార్చండి, తడిసినా మురికైనా వెంటనే మార్చండి. అంటుకుపోయిన కట్టును లాగకుండా నీళ్ళతో తడిపి తీయండి. పైపైన గీరుకుపోయిన చిన్న గీతకు కట్టు లేకపోయినా ఫరవాలేదు.

లూకా సువార్తలోని మంచి సమరీయుడు గాయాలకు నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టాడు. ఆ కాలంలో తెలిసిన మందు అది. అంతటితో వదలక, మరునాడు సత్రపు యజమాని చేతిలో డబ్బు పెట్టి ఆ మనిషిని చూసుకోమన్నాడు. మన ఇళ్ళలో మొదటి రోజు కట్టు బాగానే జరుగుతుంది. మరునాటి నుంచి చూసేవారే ఉండరు.

చూడవలసినవి ఇవి. మొదటి రెండు రోజులు గాయం అంచున కొద్దిపాటి ఎరుపు, నీరు వంటి ఊట ఉండటం మామూలే. మూడో రోజుకు నొప్పి తగ్గుతూ రావాలి. తగ్గవలసిన నొప్పి పెరుగుతుంటే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, వాపు, వేడి, చీము, చెడు వాసన వస్తే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. ఎరుపు ఎంతవరకు ఉందో బాల్‌పెన్నుతో అంచు గీసి ఉంచండి. సాయంత్రానికి గీత దాటిందంటే మరి వేచి చూడవద్దు. కాలి గాయానికి గజ్జలో బిళ్ళ కట్టినా, గాయం నుంచి పైకి ఎర్రటి చార వెళ్ళినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి.

చర్మపు పుండు, మూత్రపిండాలు

పుండు గురించి ఇంత చెప్పడానికి ముఖ్యమైన కారణం ఒకటుంది. స్ట్రెప్టోకాకస్ పట్టిన చర్మపు పుండు మానిపోయిన తరువాత, సుమారు మూడు నుంచి ఆరు వారాలకు, కొందరు పిల్లల్లో మూత్రపిండాలు వాస్తాయి. క్రిమి అక్కడికి వెళ్ళి చేసే పని కాదిది. క్రిమితో పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకున్న పదార్థాలే మూత్రపిండాల జల్లెడలో చిక్కుకుని దాన్ని పాడుచేస్తాయి. పొద్దున లేచేసరికి బిడ్డ కళ్ళ కింద, మొహం ఉబ్బి ఉంటుంది. మూత్రం తగ్గి, టీ డికాక్షన్ రంగులో వస్తుంది. రక్తపోటు పెరిగి తలనొప్పి, ఒక్కోసారి ఫిట్సు కూడా రావచ్చు. అప్పటికి మోకాలి పుండు మాని నెల దాటి ఉంటుంది గనుక ఇంట్లో ఎవరూ ఆ రెండింటినీ కలిపి ఆలోచించరు. "ఒళ్ళు చేశాడు" అనో, "నీరు పట్టింది" అనో పత్యం పెట్టి కూర్చుంటారు. వేళకు వైద్యం అందితే పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమే ప్రమాదం. పుండు వచ్చాక మందు వేసినా ఈ జబ్బు రాదని ఖాయంగా చెప్పడానికి లేదు. పుండు కాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

గజ్జి, దోమకాటు గోకిన గుర్తులు కూడా ఇదే దారిన పుండ్లవుతాయి. ముక్కు చుట్టూ, పెదవుల దగ్గర తేనె రంగు పక్కు కట్టే పొక్కులు ఒక బిడ్డ నుంచి ఇంకొకరికి అంటుకుంటాయి. ఆ బిడ్డ తువ్వాలు, దుప్పటి వేరుగా ఉంచండి, గోళ్ళు కత్తిరించండి. కరాచీ నగరపు మురికివాడల్లో ఇంటింటికీ సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోవడం నేర్పి ఫలితం లెక్కగట్టారు. 2005లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో ఈ పొక్కులు 34 శాతం తగ్గాయి. క్రిములను చంపే ఖరీదైన సబ్బుకూ, మామూలు సబ్బుకూ తేడా కనబడలేదు.

ధనుర్వాతం ఇంజెక్షను సంగతి. తుప్పు పట్టిన ఇనుమే కారణమనుకుంటారు. తుప్పులో ఏమీ లేదు, దానికి అంటిన మట్టిలో ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, ఏడాదిన్నర ప్రాంతంలోనూ ఐదారేళ్ళకూ వేసే డి.పి.టి., పది, పదహారేళ్ళకు వేసే టి.డి. సక్రమంగా పడిన బిడ్డకు ప్రతి చెక్కుడుకూ ఇంజెక్షను అక్కరలేదు. గాయం లోతుగా, మురికిగా ఉండి, చివరి మోతాదు పడి ఐదేళ్ళు దాటితే వేయించాలి. టీకాల కార్డు ఎక్కడుందో ఈ రోజే వెతికి పెట్టుకోండి.

చెప్పులో నుంచి గుచ్చుకున్న మేకు, అంచులు విడిపోయిన గాయం, లోపల గాజు ముక్క ఉన్నది, కంటి దగ్గర తగిలినది, అదిమినా రక్తం ఆగనిది, ఇవి ఇంటి వైద్యానికి లొంగేవి కావు. కడిగి, మూసి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కుక్క, పిల్లి, కోతి కరిచినా, గోటితో గీరినా అది ఎంత చిన్నదైనా చిన్న గాయం కాదు. సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు గడియారం చూసుకుంటూ కడగండి. కారం, సున్నం పెట్టకండి, కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టించండి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళండి. కుక్క పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

జ్ఞానోపదేశం చెప్పే టీచర్లకు, యువజన సంఘం వారికి ఒక మాట. గుణదల ఉత్సవాలకు పిల్లలను నడిపించుకుని వెళ్ళేటప్పుడు, వేసవి శిబిరాలకు తీసుకువెళ్ళేటప్పుడు సంచిలో ఒక సబ్బు, రెండు సీసాల మంచినీళ్ళు, గాజు గుడ్డ, ప్లాస్టరు, చిన్న కత్తెర పెట్టుకోండి. ఇక విచారణ గుడి ఆవరణలోని కుళాయి దగ్గర ఒక సబ్బుబిళ్ళను జాలీ సంచిలో వేసి తాడుతో కట్టి వేలాడదీస్తే, అది నేల మీద పడదు, మాయం కాదు, దెబ్బ తగిలిన పిల్లవాడికి వెంటనే చేతికందుతుంది.