అన్న కొలువు కోసం చెల్లి చదువు ఆపాలా?

సమస్య: మాది రాజవొమ్మంగి మండలంలోని ఒక గిరిజన గ్రామం. అన్నయ్య బీఈడీ చేశాడు. టీచరు ఉద్యోగం కోసం కాకినాడలో ఉండి ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకున్నాడు. 2025 డీఎస్సీలోనూ రాలేదు. అప్పటినుంచి గది దాటి రావడం లేదు. పొద్దెక్కేదాకా లేవడు, పలకరిస్తే విసుక్కుంటాడు. కోచింగ్ అప్పు కింద నాన్న మా జీడిమామిడి తోట కాపును షావుకారికి ముందే రాసిచ్చేశారు. అమ్మ కూలికి వెళ్తోంది. నేను ఇంటర్ పాసయ్యాను. డిగ్రీలో చేరతానంటే, ‘ముందు వాణ్ని స్థిరపడనీ, నువ్వు ఏదైనా బట్టల కొట్లో చేరు’ అంటున్నారు. అన్నయ్యంటే నాకు ప్రాణం. తన కోసం నేను చదువు మానేయాలా?
– ఓ చెల్లెలు

సలహా: మానేయొద్దమ్మా. నువ్వు చదువు మానేసినంత మాత్రాన అన్నయ్యకు ఉద్యోగం రాదు. ఇంట్లో ఆశ కోల్పోయినవాళ్లు ఇద్దరవుతారు.

మీ అన్నయ్య చేతగానివాడు కాడని ముందు ఇంట్లో అందరూ నమ్మాలి. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 ఏజెన్సీ బడుల్లోని టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. ఆ భరోసాతోనే మన్యంలో ఎన్నో ఇళ్లు పిల్లల్ని బీఈడీకి పంపాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు నిలిచాయి గానీ, వెనకొచ్చినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. 2025 డీఎస్సీలో రాష్ట్రమంతటికీ కలిపి 16,347 పోస్టులుంటే, పోటీపడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు.

ఇక అతని నిద్ర, విసుగు సంగతి. ఆస్ట్రియాలోని మారియంతాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడ్డాక ఏం జరిగిందో పరిశోధకులు వెళ్లి చూసి 1933లో పుస్తకం రాశారు. చేతినిండా తీరిక ఉన్నా, రుసుము తీసేసినా, లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక సైతం నెమ్మదించింది. ఇంటిపని ఉన్న ఆడవాళ్లు మాత్రం చకచకా నడిచేవారు. పని పోతే జీతంతో పాటు రోజుకున్న క్రమం కూడా పోతుంది. అన్నయ్యకు ముందుగా కావలసింది ఆ క్రమమే.

నాన్నగారితో కలిసి కూర్చుని మూడు విషయాలు తేల్చుకోండి. మొదటిది, కోచింగ్‌కి ఇక అప్పు చేయకూడదు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉచిత శిక్షణ ఎప్పుడు పెడుతుందో రంపచోడవరంలో అడగండి. ఇంకొక్క డీఎస్సీకి ఇంటి దగ్గరే, పొద్దున్నే లేచి చదవనివ్వండి. రెండోది, మిగతా పూట అతను పనిలో ఉండాలి. ఉపాధి పనికి దరఖాస్తు రాసి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు మీకుంది. మూడోది, వచ్చే ఏడు కాపును ముందుగా అమ్మకండి. ముందే అమ్ముకుంటే పిక్కలు రాలే వేసవిలో చేతికి డబ్బు రాదు. అలా సంతలో మీ ఖర్చు తగ్గితే అక్కడ అమ్ముకునేవాళ్ల రాబడీ తగ్గుతుంది. ఒక ఇంటి నిరుద్యోగం ఊరిని తాకేది ఇలాగే. జీడి పిక్కల్లో పని కూడా ఉంది: పలాసలో వేలమంది బతుకుతున్నది పిక్క కొట్టి పప్పు తీసే పని మీదే. గిరిజనుల ఉత్పత్తులకు ఊళ్లోనే విలువ పెంచడానికి వన్‌ధన్ కేంద్రాలు పెట్టారు. తూకం, లెక్క చూడగల చదువుకున్న మనిషి అలాంటి చోట అవసరం. అన్నయ్యను వెళ్లి కనుక్కోమనండి.

బతుకు మీద విరక్తిగా మాట్లాడితే మాత్రం ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నువ్వు రంపచోడవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సీటుకు, గిరిజన సంక్షేమ హాస్టల్‌కు, స్కాలర్‌షిప్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టు. అమ్మానాన్నలకు నా విన్నపం ఒక్కటే: కొడుకు చదువు మీద అంత నమ్మకం పెట్టారు. కూతురి చదువు మీదా అంతే నమ్మకం పెట్టండి.