మడత చాకు

నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉప్పునుంతల వంటి ఊళ్లలో కమ్మరికొలిమి యనగానే నాగటికర్రు సాగగొట్టుట, కొడవలికి కక్కులు పెట్టుట, గొడ్డలికి పదను పెట్టుట జ్ఞప్తికి వచ్చును. అట్టి కొలిమిలోనే, ఇంటి వసారాలో కూర్చుండి, జేబులో ఇముడు మడత చాకును చేయుమన్నచో చేయి తిరిగిన పనివాడు సైతము కొంత తడవు ఆలోచించును. కొడవలి ఒకే ఇనుపముక్క. పిడి తొడిగిన పని ముగియును. మడత చాకులో అలుగు, దానిని ఇముడ్చుకొను పిడి, అలుగు తిరుగుటకు ఇరుసు వంటి చీల, తెరచిన అలుగును పట్టియుంచుటకు పిడి వెన్నున నుండు కమాను, ఇవన్నియు ఒకదానితో నొకటి సరిపడవలెను. వీనిలో ఏది వెండ్రుకవాసి తప్పినను ఆ తప్పు వాడువాని వ్రేళ్లపై పడును.

చాకు అను మాట పారసీకమునుండి ఉర్దూ మూలముగ మనకు వచ్చినది. ఉక్కు మాత్రము మన మాటయే. తెలుగు కన్నడములలో నున్న ఈ పదమే ఐరోపావారి నోట ‘వూట్జ్’ అయ్యెనని పలువురు పండితుల అభిప్రాయము. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో కమ్మరులు రెండు విధముల ఇనుమును కలిపి, మట్టిమూసలలో కరగించి ఉక్కుముద్దలు చేసెడివారు. భూగర్భశాస్త్రజ్ఞుడైన హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణము 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కొనుటకై పారసీక దేశపు ఇస్ఫహాను నగరమునుండి వచ్చిన వర్తకుడొకడు ఆయనకు అచ్చట కనబడెను. ఆ మూసలు చల్లారి చాలకాలమైనది. నేటి కమ్మరికి సులభముగ దొరకు ఉక్కు లారీలనుండి ఊడదీసిన పాత కమానుపట్టీ. కోనసముద్రపు ఉక్కులో కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. పట్టీలో అర పాలుకు కొంచెము ఎక్కువ. అయినను చాకునకు అది చాలును.

పట్టీముక్కను ఎర్రగా కాల్చి, దాగలిపై సాగగొట్టి, బూడిదలో మెల్లగా చల్లార్చినచో మెత్తబడును. అప్పుడు ఆకురాతితో రాచి అలుగునకు రూపు తెత్తురు, చీలకు రంధ్రము వేయుదురు. కమానును గూడ ఆ పట్టీనుండియే తీయుదురు. కష్టమైన ఘట్టము దీని తరువాతిది. అలుగును మరల కాల్చవలెను. వేడి యెంత చాలునో తెలిసికొనుటకు అయస్కాంతము పనికివచ్చును. సుమారు 770 డిగ్రీల యొద్ద ఉక్కు దానికి అంటుట మానును. అంతకు కొంచెము మించిన వేడిలో నూనెలో ముంచుదురు. (కొలిమి నీడపట్టున నుండుట మేలు, ఎండలో ఎరుపు సరిగా తెలియదు.) నీట ముంచినచో పలుచని అలుగు బీటవారవచ్చును. నూనెనుండి తీసిన అలుగు మిక్కిలి కఠినము, అంతకంత పెళుసు. క్రింద పడిన విరుగవచ్చును. కావున దానిని మెరయునట్లు రుద్ది, సన్నని సెగపై తిరిగి వెచ్చచేయుదురు. ఉక్కుపై రంగులు పుట్టుట అప్పుడు చూడవలెను: మొదట ఎండుగడ్డి రంగు, పిదప గోధుమ, ఊదా, తుదకు నీలము. అలుగును 230 డిగ్రీల ప్రాంతమున, గడ్డిరంగు కనబడగనే ఆపవలెను. కమానును 300 డిగ్రీల దాపునకు, నీలము వచ్చుదాక పోనీయవలెను. రెండును ఒకే పట్టీ బిడ్డలు. అలుగు నీలమునకు పోయినచో పదను నిలువదు. కమాను గడ్డిరంగువద్ద ఆగినచో ఒకనాడు చాకు తెరచుచుండగా పుటుక్కున విరుగును.

ఫ్రాన్సు దేశపు సావోయ్ కొండలలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అను పదునెనిమిదేండ్ల యువకుడు, గొడ్డళ్లు మొదలగు పనిముట్లు చేయు తండ్రి కార్ఖానాలో మిత్రులకొరకు మడత చాకు చేసెను. దానికి కమాను లేదు. కొయ్యపిడిలో గాడి, చీల బిగువు, అంతే. 1897 నాటికి అవి పండ్రెండు పరిమాణములలో వెలువడెను; యంత్రములపై నేటికిని తయారగుచున్నవి. అట్టివానితో ధరలో పోటీపడుట పల్లె కొలిమికి సాధ్యము గాదు. అది కొనువాని అరచేతిని కొలిచి పిడి చేయగలదు. కొల్లాపురపు మామిడితోటలో అంటుగట్టువానికి నిటారైన సన్నని అలుగు కావలెను. గొర్రెల గిట్టలు చెక్కు కాపరికి పొట్టిదియు, వెన్ను మందమైనదియు కావలెను.

పిడికి ఇరువైపుల కొమ్ముగాని తుమ్మచేవగాని అమర్చి, తుదకు చీల దిగగొట్టుదురు. ఇచ్చట తొందర పనికిరాదు. చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, చాకును తెరచి మూసి చూతురు. మరల రెండు దెబ్బలు. బిగువెక్కువైన గోటితో తెరువరాదు. వదులైన అలుగు ఊగును. మూసిన చాకును వెలుతురునకు ఎత్తి చూచునపుడు అలుగు పిడిచీలికకు నట్టనడుమ నిలిచి, ఏ ప్రక్కను తాకకుండవలెను. తాకినచో చీలతలను ఆకురాతితో రాచివేసి, అన్నియు ఊడదీసి, మరల మొదటినుండి కూర్తురు.