పేరు తెలియని విడిభాగం

ప్లాస్టిక్ విమాన నమూనాల కిట్‌లో భాగాలు విడివిడిగా రావు. కరిగిన పాలీస్టైరీన్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపుతారు. రెక్కలు, చక్రాలు, ప్రొపెల్లరు, పైలట్ సీటు అన్నీ ఒకే చట్రానికి అంటుకుని బయటికి వస్తాయి. ఈ చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగం సంఖ్య సాధారణంగా భాగం మీద కాక, పక్కన చట్రం మీద ఉంటుంది. కాబట్టి కత్తిరించగానే భాగం ఒక చోట, దాని సంఖ్య మరో చోట అవుతాయి. పైగా ఒకే కిట్‌తో ఒకే విమానపు రెండు మూడు రకాలు చేసుకోవడానికి వీలుగా తయారీదార్లు అదనపు భాగాలు పెడతారు. ఇవి మిగిలిపోయి డబ్బాలో చేరతాయి. కొన్నేళ్ల తర్వాత ఆ డబ్బా తెరిస్తే ఏది దేనిదో చెప్పడం కట్టినవారి తరం కూడా కాదు. వీటి ఊరూ పేరూ కనిపెట్టడం ఈ హాబీ ఉన్నవారికి సరదా. వ్యక్తిత్వ వికాసం వైపు నుంచి చూస్తే, తొందరపడి తీర్పు చెప్పే అలవాటును అదుపులో పెట్టే సాధన.

భాగం చేతికి రాగానే మనసు ఒక పేరు పలుకుతుంది. ఆ పేరును కాసేపు పక్కన పెట్టి, కంటికి కనిపించేది కనిపించినట్టు రాసుకోవడం మొదటి మెట్టు. పొడవెంత, మందమెంత, అతికించడానికి పిన్ను ఉందా గాడి ఉందా, కుడి ఎడమల తేడా ఉందా? వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది, లేకపోతే బడిపిల్లల స్కేలు చాలు. సన్నని కడ్డీలాంటి భాగం ఒకటి దొరికిందనుకుందాం. ముందు నాలుగు చిన్న రెక్కలు, వెనక నాలుగు పెద్ద రెక్కలు. యుద్ధవిమానాల గురించి కొంచెం చదివినవారు ఎవరైనా దాన్ని అమెరికా వారి సైడ్‌వైండర్ క్షిపణి అనేస్తారు. అసలు సైడ్‌వైండర్ వ్యాసం 127 మిల్లీమీటర్లు. 1:72 నిష్పత్తిలో అది 1.8 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, 1:48లో సుమారు 2.6. కొలిస్తే కిట్ ఏ నిష్పత్తిదో తేలిపోతుంది. విమానం ఏదో మాత్రం తేలదు. 1958లో తైవాన్ జలసంధి ఘర్షణలో చైనాకు చిక్కిన ఒక సైడ్‌వైండర్‌ను విప్పి చూసి సోవియట్ ఇంజనీర్లు కె-13 తయారుచేశారు. రెండూ దాదాపు కవలలు. అందువల్ల ఆ కడ్డీ అమెరికన్ సేబర్ కిట్‌ది కావచ్చు, 2025 దాకా భారత వాయుసేనలో ఎగిరిన మిగ్-21 కిట్‌ది కూడా కావచ్చు. ఒక్క కొలతతో తేలేదెంత, తేలనిదెంత అన్న లెక్క వేసుకోవడం నేర్పే తొలి పాఠం ఇది.

ప్లాస్టిక్ కూడా కొంత చెబుతుంది. పాత కిట్లలో రేకుల అతుకులు చాలావరకు ఉబ్బెత్తు గీతలుగా ఉండేవి, తర్వాతి తరం కిట్లలో అవి లోతు గీతలయ్యాయి. మ్యాచ్‌బాక్స్ కంపెనీ ఒకే కిట్‌లో చట్రాలను రెండు మూడు రంగుల్లో ఇచ్చేది. అలాగని రంగును నమ్ముకుంటే మోసపోతాం. అచ్చులు కంపెనీల మధ్య చేతులు మారుతుంటాయి. బ్రిటన్‌లోని ఫ్రాగ్ కంపెనీ అచ్చులు అనేకం 1970ల చివర్లో సోవియట్ యూనియన్‌కు వెళ్లి, నోవో పేరుతో మళ్లీ కిట్లయ్యాయి. రంగు మారింది, పెట్టె మారింది, భాగం అదే.

అసలు చిక్కు ప్రొపెల్లరు దగ్గర వస్తుంది. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకుందాం. తొలి రోజుల్లో దానికి రెండు రెక్కల చెక్క ప్రొపెల్లరు ఉండేది. తర్వాత మూడు రెక్కలు, మార్క్ 9 రకానికి నాలుగు, మార్క్ 14కి ఐదు. రెక్కలు లెక్కపెడితే పని అయిపోయిందని అనిపిస్తుంది. కానీ నాలుగు రెక్కలది మార్క్ 12కీ ఉంది. మార్క్ 9లో ఉన్నది మెర్లిన్ ఇంజను, మార్క్ 12లో గ్రిఫన్. ఈ రెండు ఇంజన్లు ప్రొపెల్లరును ఎదురెదురు దిశల్లో తిప్పుతాయి, కాబట్టి రెక్కల మెలికా ఎదురుగా ఉంటుంది. ప్రొపెల్లరు మొన మనవైపు తిప్పి, పైకి నిలిచిన రెక్కను చూడాలి. రెక్క అంచులు రెండింటిలో ఏది మనకు దగ్గరగా ఉందో అది గాలిని ముందు కోసే అంచు. అది ఎడమవైపు ఉంటే మెర్లిన్, కుడివైపు ఉంటే గ్రిఫన్. భూతద్దం పట్టుకుని ఒక్క నిమిషం చూస్తే చాలు. అయితే అంత చిన్న అచ్చులో తయారుచేసినవారే మెలిక తప్పుగా తీసి ఉండవచ్చు. కనుక మొన ఆకారం, వెనక రంధ్రం వ్యాసం కూడా కలిసి రావాలి. అంతా కలిసి వచ్చినా అది స్పిట్‌ఫైర్‌దేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, ఎందుకంటే అమెరికన్ యుద్ధవిమానం మస్టాంగ్ రకాలు చాలావాటికీ నాలుగు రెక్కలే.

ఊహ సరైనదని చూపే గుర్తులు ఎన్నయినా దొరుకుతాయి. వెతకాల్సింది ఊహను కూలదోసే గుర్తు. మనుషులు ఈ పని ఇష్టంగా చేయరని బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వేసన్ 1960లో ప్రచురించిన ప్రయోగం చూపింది. 2, 4, 6 అన్న మూడు అంకెలిచ్చి, వాటి వెనకున్న సూత్రం కనుక్కోమన్నాడు. చాలామంది రెండేసి పెరిగే అంకెలే అని ముందే అనుకుని, దానికి సరిపోయే ఉదాహరణలే మళ్లీ మళ్లీ అడిగారు. ప్రతిసారీ అవునన్న జవాబే వచ్చింది. అసలు సూత్రం అంకెలు పెరుగుతూ పోవాలన్నదే. 1, 2, 3 సరిపోతుందా అని ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ తప్పని తెలిసేది. విడిభాగం విషయంలో ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: ఇది మస్టాంగ్‌దే అయితే ఇందులో ఏది ఉండకూడదు?

తెలిసినవారి సాయం తీసుకోవడం తప్పు కాదు. అయితే అడిగే తీరు ఒకటుంది. భాగాన్ని స్కేలు పక్కన పెట్టి, రెండు వైపులా ఫొటో తీసి, కొలతలు రాసి ఇవ్వాలి. సొంత ఊహను మాత్రం ముందు చెప్పకూడదు. ‘ఇది మస్టాంగ్‌దేనా అన్నా?’ అని అడిగితే, ఎదుటివారి కళ్లు మస్టాంగ్‌నే వెతుకుతాయి.

ఇలాంటి సాధన చేసినవారు జీవితంలోనూ ఆచితూచి మాట్లాడతారని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు సులువుగా చెప్పేస్తాయి. అంత సులువు కాదు. ఒక పనిలో సంపాదించిన నేర్పు మరో పనికి దానంతట అది పాకదని 1901లోనే మనస్తత్వవేత్తలు థార్న్‌డైక్, వుడ్‌వర్త్ తమ ప్రయోగాల్లో చూపారు. ప్రొపెల్లరు మెలికను ఓపికగా చూసే మనిషే ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడిని మొదటి రోజే పనికిరానివాడని తేల్చేయగలడు. పద్ధతిని కావాలని మోసుకెళ్తేనే అక్కడా పనికొస్తుంది. చూసిందేమిటో, అనుకున్నదేమిటో విడివిడిగా రాసుకోవాలి. వ్యతిరేక ఆధారం ఏమిటని అడగాలి. ‘తప్పకుండా’, ‘బహుశా’, ‘తెలియదు’ అన్న మూడు గడులను మనుషుల విషయంలోనూ తెరిచి ఉంచాలి.

భాగాల డబ్బాలో ఆ మూడో గడి ఎప్పటికీ ఖాళీ కాదు. తేలని భాగాన్ని కొలతలు రాసిన చిన్న కవరులో వేసి ఉంచాలి, పారేయకూడదు. పేరు తెలియకపోయినా అది పనికొస్తుంది. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా కోసం అంతరిక్ష నౌకల నమూనాలు కట్టినవారు, వాటి పైభాగాన్ని అంగట్లో కొన్న ట్యాంకుల, విమానాల కిట్ల భాగాలతోనే నింపారు.